బోరు మోటరు బోర్డుకు టైపు తప్పని క్యూ: సి లో నేను రాసే పద్ధతి

నేను వ్యవసాయ మోటర్లకు బిగించే మొబైల్ స్టార్టర్ బోర్డులకు ఫర్మ్‌వేర్ (చిప్‌లోనే ఉండి బోర్డును నడిపే ప్రోగ్రాం) రాస్తాను. రైతు ఇంటి దగ్గర నుంచి ఎస్ఎంఎస్ పెడితే పొలంలో బోరు ఆన్ కావాలి. మూడు ఫేజుల్లో ఒకటి పోతే ఎవరూ చెప్పకుండానే మోటరు ఆగిపోవాలి, లేకపోతే వైండింగు కాలిపోతుంది. బోర్డు మీద ఉండేది ఎస్‌టీఎం32ఎఫ్103 చిప్. 64 కిలోబైట్ల ఫ్లాష్, 20 కిలోబైట్ల ర్యామ్, అంతే. ఆ కాస్త చోటులోనే మూడు రకాల సరుకు వరస తప్పకుండా ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్ళాలి: జీఎస్ఎం మోడెం నుంచి వచ్చే ఒక్కో బైటు, ఆ బైట్లలోంచి విడదీసిన కమాండ్లు, వోల్టేజీ కరెంటు కొలిచిన రీడింగులు. మూడింటికీ క్యూలే కావాలి, అంటే ముందు వచ్చింది ముందు బయటికి వెళ్ళే వరసలు. కానీ మూడింటి టైపులు వేరు.

కొత్తగా చేరే పిల్లలందరి చేతా నేను మొదట రాయించేది ఈ క్యూనే. దాదాపు అందరూ ఒకే మాట అంటారు: "సి లో టెంప్లేట్లు లేవు కదండీ, వాయిడ్ పాయింటర్ పెట్టేస్తే సరిపోతుంది." సరిపోదు. (టెంప్లేట్ అంటే ఒకసారి రాసిన కోడ్‌ను ఏ టైపుకైనా వాడుకునే సి++ సదుపాయం, వాయిడ్ పాయింటర్ అంటే అక్కడున్న వస్తువు టైపు ఏమిటో చెప్పని చిరునామా.) ఎందుకు సరిపోదో ముందు చెప్పి, తర్వాత ఎలా రాయాలో చెబుతాను. కోడ్‌ను మాటల్లోనే వివరిస్తాను, ఎడిటర్ తెరుచుకుని పక్కనే మీ చేత్తో కొట్టుకుంటూ చదవండి. ఈ క్యూ మొత్తం వంద లైన్లు కూడా ఉండదు. కొడితేనే ఒంటబడుతుంది.

వాయిడ్ పాయింటర్ క్యూ ఎక్కడ దెబ్బతీస్తుంది

మామూలుగా రాసే జెనరిక్ క్యూ ఇలా ఉంటుంది. లోపల ఒక బైట్ల అరే, ఒక్కో వస్తువు సైజు ఎంతో చెప్పే అంకె, ఎన్ని పడతాయో చెప్పే అంకె. పుష్ (క్యూలో వేయడం) అంటే వాయిడ్ పాయింటర్ తీసుకుని అంత సైజు మెమ్‌కాపీ చేయడం (బైట్లను ఉన్నదున్నట్టు కాపీ చేయడం), పాప్ (క్యూలోంచి తీయడం) అంటే మళ్ళీ వాయిడ్ పాయింటర్‌లోకి మెమ్‌కాపీ చేయడం. ఫ్రీఆర్‌టాస్ (చిన్న చిప్‌ల కోసం ఉన్న ఆపరేటింగ్ సిస్టం) ఇచ్చే క్యూలూ ఈ తరహావే. క్యూ సృష్టించేటప్పుడు పొడవు, వస్తువు సైజు ఇస్తాం. ఆ తర్వాత పంపేదీ అందుకునేదీ వాయిడ్ పాయింటర్లతోనే.

సి భాషలో ఏ డేటా పాయింటరైనా అడగకుండానే వాయిడ్ పాయింటర్ అయిపోతుంది, వాయిడ్ పాయింటర్ ఏ పాయింటరైనా అయిపోతుంది. క్యాస్ట్ అక్కర్లేదు, వార్నింగ్ రాదు. అంటే ఆ క్యూలోకి ఏం వెళ్తోందో, ఏం బయటికి వస్తోందో కంపైలర్‌కు అసలు తెలియదు.

దీనివల్ల ఏం జరుగుతుందో అంకెల్లో చూపిస్తాను. మా రీడింగు స్ట్రక్చర్‌లో మొదట మూడు ఫేజుల వోల్టేజీలు, తర్వాత మూడు కరెంట్లు, అన్నీ 16 బిట్ల అంకెలు. చివర 32 బిట్ల సమయం. మొత్తం 16 బైట్లు. కమాండ్ స్ట్రక్చర్‌లో మొదటి బైటు కమాండ్ కోడ్: 1 అంటే మోటరు ఆన్, 2 అంటే ఆఫ్. దాని వెనక ఫోను నంబరుకు 16 బైట్లు, తర్వాత ఎన్ని నిమిషాలు నడవాలో చెప్పే 16 బిట్ల అంకె. మధ్యలో కంపైలర్ పెట్టే ఖాళీ బైటుతో కలిపి 20.

నేను చేరకముందు ఒకచోట రాసిన పాత కోడ్ రివ్యూకి నా దగ్గరికి వచ్చింది. అందులో ఒక అరుదైన దారిలో, కమాండ్ అందుకోవాల్సిన చోట రీడింగుల క్యూ పేరు పడింది. కంపైలర్ కిమ్మనలేదు. రీడింగులోని 16 బైట్లు వెళ్ళి కమాండ్ స్ట్రక్చర్‌లో కూర్చున్నాయి. ఈ చిప్ లిటిల్ ఎండియన్, అంటే అంకెలోని కింది బైటును మెమరీలో ముందు పెడుతుంది కాబట్టి, ఆర్ ఫేజు వోల్టేజీలోని కింది బైటే కమాండ్ కోడ్ అయిపోయింది. ఆఫీసు బల్ల మీద వోల్టేజీ 230. అలాంటి కోడ్ లేదు కాబట్టి బోర్డు దాన్ని పట్టించుకోదు, టెస్టులన్నీ పాసవుతాయి. కానీ 257 వోల్టుల దగ్గర కింది బైటు 1. అంటే మోటరు ఆన్. 258 దగ్గర 2, అంటే ఆఫ్. రాత్రి లోడు తగ్గాక పల్లె లైన్లలో వోల్టేజీ పైకి ఎక్కడం పొలంలో తిరిగినవాళ్ళకు తెలియంది కాదు. ఎవరూ మెసేజ్ పెట్టకుండా నడిరాత్రి మోటరు దానంతటది తిరగడం మొదలుపెడితే, స్టార్టర్ డబ్బా తెరిచి చేయి పెట్టిన మనిషి సంగతి ఏమిటి?

తారుమారు ఎదురు దిశలో జరిగితే ఇంకో రకం ప్రమాదం. 16 బైట్ల వేరియబుల్‌లోకి 20 బైట్లు కాపీ అవుతాయి, మిగతా నాలుగు బైట్లు స్టాక్‌లో పక్కనున్నదాన్ని చెరిపేస్తాయి. అది ఎప్పుడు, ఏ రూపంలో బయటపడుతుందో చెప్పలేం.

ఈ రెండు తప్పులూ కంపైల్ చేసేటప్పుడే ఆగిపోవాలి. అందుకు సి లో కావాల్సిన సామగ్రి అంతా ఉంది. చేయాల్సింది ఒక్కటే: ఒకే క్యూ అన్ని టైపులనూ మోసేలా రాయడం మానేసి, ఒక్కో టైపుకు ఒక్కో క్యూను కంపైలర్ చేతే తయారు చేయించుకోవాలి.

ముందు ఒక్క టైపుకు చేత్తో రాయండి

మ్యాక్రోల జోలికి ఇప్పుడే వెళ్ళకండి. ముందు బైట్ల క్యూ ఒక్కటి సాదాగా రాయండి. తప్పులన్నీ ఇక్కడే తేలిపోవాలి, తర్వాత మ్యాక్రోల చాటున వెతకడం చాలా కష్టం.

సైజు ఎంత ఉండాలో ఊహించకండి, లెక్క వేయండి. మా మోడెం 9600 బాడ్‌తో (సెకనుకు 9600 బిట్లు) మాట్లాడుతుంది. స్టార్ట్ బిట్, ఎనిమిది డేటా బిట్లు, స్టాప్ బిట్ కలిపి బైటుకు పది బిట్లు, అంటే సెకనుకు 960 బైట్లు. మెయిన్ లూప్ వోల్టేజీ కొలవడంలో ఉన్నప్పుడు ఈ క్యూ వైపు చూడదు. 50 హెర్ట్జ్ కరెంటులో ఒక సైకిల్ 20 మిల్లీసెకన్లు. సరైన ఆర్ఎంఎస్ విలువ (ఏసీ వోల్టేజీ ప్రభావ విలువ) కోసం ఐదు సైకిళ్ళు కొలుస్తాం, అంటే 100 మిల్లీసెకన్లు. ఆ కాసేపట్లో 96 బైట్లు రావచ్చు. 64 చాలదు, కాబట్టి 128. ఏ క్యూకైనా ఈ లెక్క కాగితం మీద పడకుండా సైజు రాయనివ్వను.

స్ట్రక్చర్‌లో మూడే ఉంటాయి: 128 బైట్ల డేటా అరే, రైట్ అనే ఇండెక్సు, రీడ్ అనే ఇండెక్సు. ఇండెక్సులు రెండూ 32 బిట్ల అన్‌సైన్డ్. చాలామంది ఇండెక్సు చివరికి రాగానే సున్నా చేస్తారు. అప్పుడు రెండూ సమానమైతే క్యూ ఖాళీయా, నిండుగా ఉందా తెలియక, ఒక గడి వదిలేయడమో కౌంటు విడిగా పెట్టడమో చేయాల్సి వస్తుంది. నేను ఇండెక్సులను ఎప్పుడూ వెనక్కి తిప్పను. అవి పెరుగుతూనే పోతాయి. లినక్స్ కెర్నెల్‌లోని కేఫిఫో అనే క్యూ కూడా ఇలాగే చేస్తుంది. క్యూలో ఎన్ని ఉన్నాయంటే రైట్ - రీడ్. సున్నా అయితే ఖాళీ, 128 అయితే నిండింది. అరేలో చోటు కావాలంటే రైట్ & (128 - 1), అంటే రైట్‌ను 128తో భాగిస్తే వచ్చే శేషం.

ఇండెక్సు 32 బిట్లు దాటి మళ్ళీ సున్నాకు వస్తే ఏమవుతుందని అడగాలి మీరు. అన్‌సైన్డ్ అంకెల తీసివేత సి ప్రమాణం ప్రకారం మాడ్యులో లెక్కలో జరుగుతుంది, కాబట్టి రైట్ తిరిగిపోయినా రైట్ - రీడ్ సరిగ్గానే వస్తుంది. దీనికి ఒక షరతు ఉంది. సైజు రెండు ఘాతం కావాలి: 64, 128, 256 ఇలా. ఎవరైనా 100 పెట్టి, & బదులు % వాడారనుకోండి. 4294967295ను 100తో భాగిస్తే శేషం 95. తర్వాతి గడి 96 కావాలి. కానీ ఇండెక్సు సున్నా అయిపోయింది కాబట్టి వెళ్ళేది గడి సున్నాకు. వరస అక్కడ తెగిపోతుంది. సెకనుకు 960 బైట్లు ఆపకుండా వస్తే ఆ చోటుకు చేరడానికి 51 రోజులు దాటుతుంది. ఆఫీసులో ఏ టెస్టూ అంతకాలం నడవదు, పొలంలో బోర్డు పంట కాలమంతా నడుస్తుంది.

ర్యామ్ పొదుపని ఇండెక్సును 8 బిట్లు చేస్తే ఇంకో మెలిక ఉంది. రైట్ 2, రీడ్ 250 అనుకోండి. సి లో చిన్న అంకెలు లెక్కకు ముందు ఇంట్ అవుతాయి, కాబట్టి ఫలితం -248 వస్తుంది. దాన్ని మళ్ళీ 8 బిట్లకు క్యాస్ట్ చేస్తేనే సరైన 8 వస్తుంది. పైగా 8 బిట్ల ఇండెక్సుతో క్యూ సైజు 128 మించకూడదు. 256 పెడితే నిండిన క్యూ, ఖాళీ క్యూ ఒకేలా కనిపిస్తాయి. ఆ ఆరు బైట్ల కోసం ఇంత తిప్పలు నేను పడను. 32 బిట్లే వాడతాను.

ఇక ఫంక్షన్లు. పుష్ ఒక బైటు తీసుకుని, చోటు లేకపోతే ఫాల్స్ ఇస్తుంది, ఉంటే ముందు డేటా రాసి ఆ తర్వాతే రైట్‌ను ఒకటి పెంచి ట్రూ ఇస్తుంది. పాప్ ఖాళీగా ఉంటే ఫాల్స్, లేకపోతే ముందు డేటా చదివి ఆ తర్వాత రీడ్‌ను పెంచుతుంది. ఈ ముందు వెనకలను మార్చకండి, ఇంటరప్ట్ (నడుస్తున్న కోడ్‌ను మధ్యలో ఆపి నడిచే కోడ్) దగ్గర దాని పని ఉంది. అన్నీ స్టాటిక్ ఇన్‌లైన్, అంటే పిలిచిన చోటే కంపైలర్ ఆ కోడ్‌ను పరిచేయగలదు. ఖాళీ క్యూ నుంచి పాప్ చేస్తే సున్నా ఇచ్చే పద్ధతి నాకు నచ్చదు. సున్నా కూడా నిజమైన బైటే.

ఇప్పుడు టైపును బయటికి తీయండి

ఒక్క టైపుకు నడిచాక, అందులో బైట్ అన్న మాట ఎక్కడెక్కడ ఉందో గుర్తుపెట్టండి. అరే టైపు, పుష్ ఆర్గ్యుమెంట్, పాప్ పాయింటర్, పేర్ల ముందు భాగం. మారేవి ఇవే, వీటికి తోడు సైజు.

రెండు దార్లున్నాయి. మొదటిది, మొత్తాన్నీ ఒక పెద్ద మ్యాక్రోలో పెట్టి ప్రతి లైను చివర \ పెట్టడం. చాలా లైబ్రరీల్లో ఇదే కనిపిస్తుంది. బీఎస్‌డీ నుంచి వచ్చిన సిస్ క్యూ హెడర్ కూడా మ్యాక్రోల మయమే, అయితే అది లింక్డ్ లిస్టులకు సంబంధించింది. పెద్ద మ్యాక్రోతో ఇబ్బంది ఏమిటంటే, విస్తరించాక అది మొత్తం ఒకే లైను. డీబగ్గర్‌లో పుష్ లోపలికి అడుగు వేస్తే ఏ స్టేట్‌మెంట్ దగ్గర ఉన్నారో కనిపించదు. బ్రేక్‌పాయింట్ పెట్టే చోటు దొరకదు.

రెండో దారి నాకు ఇష్టమైనది. క్యూ కోడ్‌ను మామూలు లైన్లలో, మామూలు ఫంక్షన్లుగానే ఒక ఫైల్‌లో రాయండి. టైపు ఉండాల్సిన చోట క్యూ_టైపు అని, పేరు ఉండాల్సిన చోట క్యూ_పేరు అని, సైజు ఉండాల్సిన చోట క్యూ_సైజు అని మూడు మ్యాక్రోలు వాడండి. క్యూ కావాల్సినప్పుడు ఆ మూడింటినీ డిఫైన్ చేసి, ఈ ఫైల్‌ను ఇంక్లూడ్ చేయండి. మూడు క్యూలకు మూడుసార్లు. అందువల్ల ఈ ఫైల్‌కు మామూలుగా పెట్టే ఇంక్లూడ్ గార్డ్ (ఫైల్ రెండోసారి చేరకుండా ఆపే లైన్లు) పెట్టకూడదు. ఎడిటర్లు అలవాటుగా పెట్టేస్తుంటాయి, చూసి తీసేయండి. దీన్ని మామూలు హెడర్ అనుకోకుండా ఫైల్ ఎక్స్‌టెన్షన్ కూడా వేరుగా పెడతాను.

పేరును, టైపును విడివిడిగా ఎందుకు అడుగుతున్నానంటే, పేరు ఫంక్షన్ పేర్లలో అతుక్కోవాలి. ప్రీప్రాసెసర్‌లో ## అతికే పని చేస్తుంది. అన్‌సైన్డ్ చార్ అనో, చార్ స్టార్ అనో టైపును నేరుగా అతికితే మధ్యలో ఖాళీ, స్టార్ ఉండటంవల్ల అది పేరు కాదు. అందుకని టైపు ఎంత గజిబిజిగా ఉన్నా ఫర్వాలేదు, పేరు మాత్రం శుభ్రమైన ఒక్క మాట కావాలి.

ఇక్కడ అందరూ ఆగిపోయే చోటు ఒకటుంది. ## పక్కనున్న మ్యాక్రోను ప్రీప్రాసెసర్ విప్పదు. క్యూ_పేరు ## _పుష్ అని రాస్తే బైట్‌క్యూ_పుష్ రాదు, అక్షరాలా క్యూ_పేరు_పుష్ అనే ఫంక్షనే పుడుతుంది. రెండోసారి ఇంక్లూడ్ చేయగానే అదే పేరు మళ్ళీ వచ్చిందని కంపైలర్ గోల పెడుతుంది. మందు రెండంచెల మ్యాక్రో. లోపలిది రెండు మాటలను ##తో అతుకుతుంది, బయటిది ఆ రెండింటినీ లోపలిదానికి అందిస్తుంది అంతే. బయటి మ్యాక్రో దాటేటప్పుడు క్యూ_పేరు విప్పుకుంటుంది. అర్థం కాకపోతే కంపైలర్‌ను ప్రీప్రాసెస్ వరకే నడిపి, బయటికి వచ్చిన టెక్స్టు చదవండి. నేను ఇప్పటికీ అదే చేస్తాను.

ఫైల్ మొదట్లో కాపలా పెట్టండి. మూడు మ్యాక్రోల్లో ఏది డిఫైన్ కాకపోయినా #ఎర్రర్‌తో ఆపేయండి. ఆ మెసేజ్ మనిషికి అర్థమయ్యే మాటల్లో రాయండి, దాన్ని చదివేది రేపు చేరబోయే కుర్రవాడు. తర్వాత కంపైల్ చేసేటప్పుడే తనిఖీ చేసే స్టాటిక్ అసర్ట్ ఒకటి: సైజు సున్నా కాకూడదు, సైజు & (సైజు - 1) సున్నా కావాలి. ఎవరైనా 100 అని రాస్తే ఇక్కడే ఆగిపోతుంది, 51 రోజులు ఎదురుచూడక్కర్లేదు. సి11 నుంచి ఇది భాషలోనే ఉంది. ఫైల్ చివర మూడు మ్యాక్రోలనూ అన్‌డెఫ్ చేయండి. లేకపోతే ముందు క్యూ టైపు తర్వాతి క్యూకు అంటుకుంటుంది.

మా బోర్డులో బైట్లకు 128, రీడింగులకు 8, కమాండ్లకు 4 గడులు. ఇండెక్సులతో కలిపి 136, 136, 88. మొత్తం 360 బైట్లు, 20 కిలోబైట్లలో అది లెక్కలోకి రాదు. ప్రతి టైపుకూ పుష్, పాప్ కోడ్ విడిగా పుడుతుంది కాబట్టి ఫ్లాష్ పెరుగుతుందని భయపడేవాళ్ళున్నారు. ఫంక్షన్లు అంత చిన్నవి కాబట్టి నాకది ఎప్పుడూ అడ్డు కాలేదు. మీకు అనుమానముంటే రెండు రకాలుగా బిల్డ్ చేసి సైజు టూల్‌తో చూసుకోండి. దీనితో ఇంకో మేలు కూడా ఉంది. అరే అసలు టైపుతోనే ఉంటుంది కాబట్టి అలైన్‌మెంట్ కంపైలర్ చూసుకుంటుంది. బైట్ల అరేలోకి పాయింటర్ క్యాస్ట్ చేసి 32 బిట్ల అంకెను చదివితే, కార్టెక్స్ ఎం0 లాంటి చిప్‌ల మీద చిరునామా నాలుగుతో భాగం పోనప్పుడు హార్డ్ ఫాల్ట్ వస్తుంది.

కాపలా గట్టిగా ఉండేది పుష్ దగ్గర

పుష్‌కు వస్తువును పాయింటర్‌గా ఇవ్వాలా, విలువగా ఇవ్వాలా? విలువగానే ఇవ్వండి. స్ట్రక్చర్‌ను విలువగా అడిగే ఫంక్షన్‌కు వేరే స్ట్రక్చర్ ఇస్తే అది ఏ సి కంపైలర్‌లోనైనా ఎర్రరే, ఎంత పాతదైనా సరే. పాయింటర్‌గా అడిగితే అలా కాదు. తప్పు టైపు పాయింటర్‌ను జీసీసీ కంపైలర్ ఏళ్ళ తరబడి వార్నింగ్‌తో వదిలేసింది. 2024లో వచ్చిన జీసీసీ 14లో గానీ అది మామూలుగానే ఎర్రర్ కాలేదు. చాలా ఎంబెడెడ్ టీముల బల్లల మీద ఉన్న టూల్‌చెయిన్లు (కంపైలర్, దానికి తోడుండే టూల్స్) అంతకంటే పాతవి. 20 బైట్ల స్ట్రక్చర్‌ను విలువగా పంపితే నెమ్మదని అనుకోవద్దు. ఫంక్షన్ ఇన్‌లైన్ అయ్యాక మిగిలేది మామూలుగా ఒక్క కాపీ, అది ఎలాగూ చేయాల్సిందే.

పాప్ దగ్గర పాయింటర్ తప్పదు, ఎందుకంటే దొరికిందా లేదా అన్నది కూడా చెప్పాలి. మీ కంపైలర్ పాతదైతే, ఇన్‌కంపాటిబుల్ పాయింటర్ టైప్స్ వార్నింగ్‌ను ఎర్రర్‌గా మార్చే ఫ్లాగ్ బిల్డ్‌లో పెట్టండి. పాయింటర్ సైన్ వార్నింగ్‌ను కూడా. చార్ పాయింటర్, అన్‌సైన్డ్ చార్ పాయింటర్ తారుమారైతే పట్టేది ఆ రెండోదే. ఫ్లాగులు మీ చేతిలో లేకపోతే ఇంకో మార్గం: దొరికిందా అన్న బూల్, విలువ, రెండూ ఉన్న చిన్న స్ట్రక్చర్‌ను పాప్ వెనక్కివ్వాలి. దాన్ని తప్పు టైపులో పెట్టుకోవాలంటే ఏ కంపైలరూ ఒప్పుకోదు. ఎవరి చేతిలోనైనా వాయిడ్ పాయింటర్ ఉండి, దాన్ని నేరుగా పాప్‌కు ఇస్తే మాత్రం ఏ ఫ్లాగూ ఆపదు. అలాంటిది రివ్యూలో మనిషే పట్టుకోవాలి.

టైప్ సేఫ్ అన్న మాటకు సి లో ఒక హద్దుంది, దాన్ని దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. సాదా అంకెల దగ్గర భాష చాలా ఉదారంగా ఉంటుంది. బైట్ల క్యూలోకి 300 పుష్ చేస్తే 44 వెళ్తుంది. ఫ్లోట్ ఇస్తే దశాంశం రాలిపోతుంది. కన్వర్షన్ వార్నింగ్ పెడితే కొన్ని కనిపిస్తాయి, కొత్త ప్రాజెక్టులో మొదటి రోజు నుంచే పెట్టుకోండి, పాత కోడ్ మీద పెడితే వార్నింగుల వరద వస్తుంది. టైప్‌డెఫ్ కొత్త టైపును పుట్టించదు, పాతదానికి ఇంకో పేరు పెడుతుంది. వోల్టులకూ ఆంపియర్లకూ 16 బిట్ల అంకె మీద చెరో టైప్‌డెఫ్ రాసుకుని, వోల్టుల క్యూలోకి ఆంపియర్లు పంపితే కంపైలర్ సంతోషంగా తీసుకుంటుంది. ఒకే ఫీల్డు ఉన్న స్ట్రక్చర్‌లో చుట్టండి: వోల్టుకు ఒకటి, ఆంపియర్‌కు ఒకటి. సైజు పెరగదు. కానీ అప్పటి నుంచి అవి రెండూ వేరు వేరు టైపులు, తారుమారైతే బిల్డ్ ఆగుతుంది. ఫేజు పోయిందా, ఓవర్‌లోడా అని తేల్చే కోడ్‌లో ఈ చుట్టడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

ఇంటరప్ట్, మెయిన్ లూప్ మధ్య

బైట్ల క్యూలో పుష్ చేసేది యూఆర్ట్ (మోడెంతో మాట్లాడే సీరియల్ పోర్టు) ఇంటరప్ట్, పాప్ చేసేది మెయిన్ లూప్. రాసేవాళ్ళు ఒక్కరే, చదివేవాళ్ళు ఒక్కరే అయితే లాక్ అక్కర్లేదు, ఒక్క నియమం పాటిస్తే చాలు: రైట్‌ను పుష్ తప్ప ఎవరూ మార్చకూడదు, రీడ్‌ను పాప్ తప్ప ఎవరూ మార్చకూడదు. అందుకే కౌంటు అనే మూడో వేరియబుల్ పెట్టలేదు. దాన్ని ఇద్దరూ మార్చాల్సి వచ్చేది.

ముందు డేటా, తర్వాత ఇండెక్సు అన్నాను కదా. మీరు ఆ వరసలో రాసినా ఆప్టిమైజర్ దాన్ని మార్చవచ్చు. ఇండెక్సులకు వోలటైల్ పెడితే వాటి మధ్య వరస మారదు కానీ, వోలటైల్ కాని డేటా అరే రాత వాటిని దాటి జరగవచ్చు. సరైన మందు సి11 అటామిక్ టైపులు. రైట్‌ను రిలీజ్ ఆర్డర్‌తో స్టోర్ చేయండి (ముందు రాసినవి దీని తర్వాతకు జరగవు), అవతలి వైపు అక్వైర్ ఆర్డర్‌తో లోడ్ చేయండి (తర్వాత చదివేవి దీని ముందుకు జరగవు). రీడ్‌కూ అంతే. మీ చిప్ 8 బిట్ల ఏవీఆర్ అయితే 16 బిట్ల ఇండెక్సు చదవడానికే రెండు అడుగులు పడుతుంది, మధ్యలో ఇంటరప్ట్ దూరవచ్చు. అక్కడ మాత్రం 8 బిట్ల ఇండెక్సే మేలు, పైన చెప్పిన క్యాస్ట్ మరవకుండా.

క్యూ నిండితే ఏం చేయాలన్నది డేటా స్ట్రక్చర్ ప్రశ్న కాదు, పని ప్రశ్న. అందుకే మూడు క్యూలకు మూడు జవాబులు. బైట్ల క్యూ నిండితే కొత్త బైటును వదిలేసి, ఎన్ని పోయాయో లెక్కపెడతాం. ఆ లెక్క సున్నా కాకపోతే అప్పుడు చేతిలో ఉన్న మెసేజ్ మొత్తాన్నీ పారేస్తాం. సగం తెగిన కమాండ్‌తో మోటరు ఆన్ చేసే ప్రసక్తే లేదు. కమాండ్ల క్యూ నిండితే పుష్ ఫాల్స్ ఇస్తుంది, కాసేపాగి మళ్ళీ పంపమని రైతుకు తెలుగులో ఎస్ఎంఎస్ వెళ్తుంది. రీడింగుల క్యూలో మాత్రం పాతది పోయినా నష్టం లేదు, కొత్తదే కావాలి. కాబట్టి అందులో చోటు లేకపోతే అన్నిటికంటే పాతదాన్ని తోసేసి రాయాలి. అంటే పుష్ చేసేవాళ్ళే రీడ్‌ను కూడా పెంచుతారు, పై నియమం తప్పుతుంది. మా బోర్డులో రీడింగులు తయారు చేసేదీ వాడేదీ రెండూ మెయిన్ లూపే, ఇంటరప్ట్ ప్రమేయం లేదు. అందుకే అక్కడ చెల్లుతుంది. పొరపాటున ఎవరూ బైట్ల క్యూ మీద ఆ ఫంక్షన్ వాడకుండా, క్యూ_తోసివేత అని ఇంకో మ్యాక్రో డిఫైన్ చేసిన క్యూకు మాత్రమే అది పుట్టేలా చేశాను. బైట్ల క్యూకు ఆ పేరుతో ఫంక్షనే ఉండదు, పిలిచినా బిల్డ్ కాదు.

పీసీ మీద, సర్వర్లలో రాసేవాళ్ళకు క్యూ పెరగాల్సి రావచ్చు. అరే బదులు పాయింటర్, సైజును వేరియబుల్‌గా పెట్టి, నిండినప్పుడు రెట్టింపు చేయండి. నేరుగా రీఅలాక్ (తీసుకున్న మెమరీ సైజు మార్చే ఫంక్షన్) చేసి వదిలేయకూడదు, ఎందుకంటే వరస అరే చివర తిరిగి మొదటికి వచ్చి ఉండవచ్చు. కొత్త చోటు తీసుకుని, రీడ్ నుంచి అరే చివరి దాకా ఒక ముక్క, మొదటి నుంచి మిగిలింది ఇంకో ముక్క కాపీ చేయండి. సైజును వస్తువు సైజుతో గుణించే ముందు ఓవర్‌ఫ్లో చూసుకోండి. సి23 ప్రమాణంలో ఒకే ట్యాగ్, ఒకే ఫీల్డులు ఉన్న స్ట్రక్చర్‌ను ఒకే ఫైల్‌లో రెండుసార్లు రాసినా అది ఒకే టైపుగా చెల్లుతుంది. దానితో క్యూ టైపును వాడే చోటే రాసుకోవచ్చు. బాగుంటుంది, కానీ మా టూల్‌చెయిన్ అక్కడికి చేరడానికి ఇంకా సమయముంది.

టెస్టులు ఎక్కడ పెట్టాలి

ఈ ఫైల్‌లో చిప్‌కు సంబంధించింది ఏదీ లేదు, కాబట్టి ల్యాప్‌టాప్ మీదే పరీక్షించండి. నడుస్తుండగానే తప్పులు పట్టే కంపైలర్ తనిఖీలు, అడ్రస్ శానిటైజర్, అన్‌డిఫైన్డ్ బిహేవియర్ శానిటైజర్ రెండూ పెట్టి నడపండి. మొదటి టెస్టు: రైట్, రీడ్ రెండింటినీ 4294967290 దగ్గర మొదలుపెట్టి, సైజు కంటే ఎక్కువ బైట్లు తోస్తూ లాగుతూ వరస చూడండి. 51 రోజుల చోటు ఒక్క క్షణంలో దాటుతుంది. తర్వాత ఖాళీలో పాప్, నిండినదానిలో పుష్, ఒక్కటే గడి ఉన్న క్యూ. 1 కూడా రెండు ఘాతమే, అది నడవాలి.

అన్నిటికంటే ముఖ్యమైన టెస్టు మాత్రం బిల్డ్ కాకూడని ఫైళ్ళు. ఒక చిన్న ఫైల్‌లో రీడింగుల క్యూలోకి కమాండ్ పుష్ చేయండి. ఇంకోదానిలో కమాండ్ల క్యూ నుంచి రీడింగులోకి పాప్ చేయండి. మూడోదానిలో క్యూ సైజు 100 పెట్టండి. నాలుగోదానిలో బైట్ల క్యూ మీద తోసివేత ఫంక్షన్ పిలవండి. మేక్‌ఫైల్‌లో వీటిని కంపైల్ చేయించి, ఏది పాసైనా మొత్తం బిల్డ్ ఫెయిల్ అయ్యేలా రాయండి. ఎర్రర్ మెసేజ్‌లో ఆశించిన మాట ఉందో లేదో కూడా గ్రెప్‌తో (టెక్స్టులో మాటలు వెతికే టూల్) చూడండి, లేకపోతే సెమికోలన్ మర్చిపోయినందుకు ఆగిన ఫైల్ కూడా టెస్టు నెగ్గినట్టే కనిపిస్తుంది. ఫ్లాగులు ఎవరైనా తీసేసినా, టూల్‌చెయిన్ మార్చినా, పుష్‌ను పాయింటర్‌కు మార్చినా ఆ నాలుగు ఫైళ్ళలో ఒకటి ఆ రోజే పట్టేస్తుంది. మా దగ్గర బోర్డులోకి ఫర్మ్‌వేర్ ఎక్కించే స్క్రిప్టు ఈ నాలుగూ ఆగాయని చూసుకున్నాకే చిప్‌లోకి కోడ్ ఎక్కించే ప్రోగ్రామర్ టూల్‌ను పిలుస్తుంది.